లోపాలు: మధ్యలో పిల్ల ఏడుపు

నేను ఒక క్యాసెట్టు డబ్బాలో ముప్పై తొమ్మిదేళ్లు మడతపడి ఉన్న చీటీని. క్యాసెట్లు కొనే రోజుల్లో మీరు మా వాళ్లని చూసే ఉంటారు. పాటలు విన్నారు, మమ్మల్ని చదివినవాళ్లు తక్కువ.

నా మీద రాసినది భానోజీరావు. అప్పట్లో విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. బొబ్బిలి అవతల ఒక ఊరికి వెళ్లి, వరి నాట్లు ఊడ్చి వచ్చిన ఆడవాళ్ల చేత పాడించి టేపురికార్డరులో ఎక్కించాడు. ఒక్కో పాట అయ్యాక ఒక్కో చీటీ మీద, మోకాలి మీద పెట్టుకుని, సన్నటి అక్షరాలతో వివరాలు రాసేవాడు. నా మీద ఉన్నది ఇది: "ఊడుపు పాట. పాడినది కొత్తలి నరసాయమ్మ, వయసు ఇరవై ఉండొచ్చు. మధ్యలో ఏడ్చినది ఆమె కూతురు పారమ్మ, పది నెలలు." దాని కింద ఇంకో వరుస కూడా ఉంది.

ఆయన డాక్టరయ్యాడు, ఆచార్యుడయ్యాడు, పోయాడు. మూడువందల నలభై క్యాసెట్లూ గ్రంథాలయానికి వచ్చాయి. బూజు పట్టింది. తర్వాత ఎవరికో మేము గుర్తుకొచ్చి, పాటలన్నీ కంప్యూటరులోకి ఎక్కించాలన్నారు. నాకు సంతోషమేసింది. ఎంత తెలివితక్కువదాన్నో ఇప్పుడు తెలుస్తోంది.

ఆ పనికి తనూజను వేశారు. ఆమెది మెటాడేటా సమన్వయకర్త ఉద్యోగం. ప్రతి పాట పక్కనా ఏయే వివరాలు ఉండాలో అన్ని శాఖల చేతా ఒప్పించడం ఆమె పని. తెలుగు శాఖకొక ఫారం, సంగీత శాఖకొక ఫారం, గ్రంథాలయానికొక ఫారం. మేమున్న గదిలోనే నాలుగు సమావేశాలు జరిగాయి. ఎవరి ఫారం వాళ్లకి ముద్దు. చివరికి అధ్యక్షుడు గున్నేశ్వరరావు గారు, మూడింటిలోనూ ఉన్న గళ్లే ఉంచి మిగిలినవి కొట్టేయమన్నారు. ఐదు మిగిలాయి. శీర్షిక, కర్త, భాష, నిడివి, లోపాలు.

"పాడినవాళ్ల పేర్లు చీటీల మీద ఉన్నాయి సార్. తెలుగు శాఖ అడిగినట్టు వాటికొక గడి పెడదాం" అంది తనూజ.

"ఒక్క శాఖ అడిగిందని గడి పెడితే అందరికీ ఒకే ప్రమాణం ఎలా అవుతుందమ్మా? జానపదానికి కర్త ఉండడు. అజ్ఞాతం అని వేసేయండి. పేర్ల సంగతి రెండో విడతలో చూద్దాం."

ఆమె సంతకం పెట్టింది. ఆమెను తిట్టుకోలేను, నాలుగో సమావేశానికి ఆ గదిలో అందరూ అలిసిపోయారు.

అలా నరసాయమ్మ అజ్ఞాతమైంది. నా మీది రాతలో ఒక్క ముక్క మాత్రం కంప్యూటరులోకి వెళ్లింది, అదీ పాట ఎక్కించిన ఆపరేటరు చెవికి తగిలింది కాబట్టి. లోపాలు: మధ్యలో పిల్ల ఏడుపు. బూజు పట్టిన డబ్బాలు, చీటీలు ఇక అక్కర్లేవని మమ్మల్నందరినీ తీసి సంచుల్లో కుక్కి తలుపు పక్కన పెట్టారు.

సంచి కట్టకముందే ఒక మధ్యాహ్నం పారమ్మ వచ్చింది. నలభైకి దగ్గర పడిన మనిషి, చెప్పులు గుమ్మం బయట విడిచింది.

"మాయమ్మ పోయి ఏడాది కావొస్తంది, అమ్మగారూ. యూనివర్సిటీ బాబొచ్చి నా పాట పట్టుకెల్లాడని సెప్పీది. ఒక్కపాలి ఇనిపోతాను. కొత్తలి నరసాయమ్మ."

తనూజ పేరు కొట్టింది. ఏమీ రాలేదు. ఊరి పేరు కొట్టింది. ఊరికి గడే లేదు. లేచి వచ్చి మా సంచి ముందు కూర్చుని, పైనున్న చీటీలు ఇరవై దాకా తీసి చదివింది; ఆ కిందివి ముద్దకట్టి విడిరాలేదు. నేను అడుగున, తడికి ఇంకో చీటీకి అతుక్కుని ఉన్నాను. నోరు లేనందుకు ఆరోజు ఏడ్చినంతగా ఎప్పుడూ ఏడవలేదు.

"మీ అమ్మగారి గొంతు గుర్తుపడతారా?" అని అడిగింది తనూజ.

"ఎందుకు పట్టను. బొంగురు గొంతు. అడ్డపొగ తాగీది గదండి."

నిప్పున్న కొస నోట్లో పెట్టి కాల్చే చుట్ట అది. ఏళ్ల తరబడి కాలిస్తే ఏ గొంతు మిగులుతుంది? కూతురికి తెలిసింది ఆ గొంతే.

తనూజ స్పీకరు పెట్టి ఒక్కో పాటా వినిపించింది. పారమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. అరవయ్యో పాటో, ఆ పైనో, సన్నగా, ఎక్కడా వణుకు లేకుండా ఒక గొంతు లేచింది. అది నా పాట. రెండో చరణంలో పసిపిల్ల గుక్కపెట్టింది. పారమ్మ కొంచెం ముందుకు వంగింది. నేను ఆశపడ్డాను.

"ఎవులు పిల్లో పాపం, ఎత్తుకోరేటి?" అంది. ఇంకో నిమిషం వింది. "మాయమ్మ కాదు. తీసీయండి."

తనూజ తీసేసింది. పిల్ల ఏడుపు సగంలో ఆగింది.

ఐదింటి బస్సుకి పారమ్మ వెళ్లిపోయింది. మళ్లీ రావడానికి కూలి పని వదులుకోలేనంది. "దొరకలేదు" అని తనూజ పుస్తకంలో రాసింది. మర్నాడు సంచి మూతి కట్టారు. కాగితం మిల్లు లారీ సోమవారం వస్తుందట.

నా మీది ఆఖరి వరుస మీకైనా చెబుతాను: "తల్లి పిల్లను ఎత్తుకుని, ఊరుకోబెట్టి, మిగతా పాట పాడింది."