నిటారు స్టేషను

మా ముందుగదిలో పెద్ద బల్ల మీద నేను బొమ్మ రైలుకు ఊరు కడుతున్నాను. నాకిది సరదా, మా అత్తగారికి తలనొప్పి. గిన్నెలు తోమే పీచు కనిపించకపోతే ఆవిడ ముందు నా చెట్లకేసి చూస్తారు. గుట్టలూ చెట్లూ ఎలాగో చేసుకుంటాను గానీ గోడ నిలబెట్టడం నా వల్ల కాదు. అందుకని స్టేషను పని మామగారికి అప్పగించాను.

ఆయన తాపీ మేస్త్రి. మోకాళ్లు మొరాయించాక పని మానేశారు. మేమున్న ఇల్లూ ఆయన కట్టిందే. ఆ ఇంట్లో తగువు ఒక్కటే. ముందుగది నేల కిటికీ వైపు వాలుగా ఉందని, కడిగిన నీళ్లు తూముకు పోకుండా అటే పోతాయని అత్తగారు మొదటి రోజు నుంచీ చెబుతున్నారు. నేలకేం రోగం లేదు, నీకే కడగడం చేతకాదు అని ఆయన కొట్టిపారేస్తారు. ఆ మాట ఆవిడకు ఎంత గుచ్చుకుంటుందో నాకు తెలుసు. నా దగ్గర ఒకసారి ఏడ్చారు కూడా.

మామగారు అట్టను గోరంత ఇటుకలుగా కోసి, దారానికి నట్టు కట్టి వేలాడదీసి నిలువు సరిచూసుకుంటూ, గడియారపు స్తంభంతో సహా స్టేషను లేపారు. జిగురు ఆరాక చూద్దును కదా, స్తంభం ప్లాట్‌ఫాం మీద పక్కకు ఒరిగి ఉంది. భయపడుతూనే చెప్పాను. ఆయన ఒంటికాలి మీద లేచారు. దారం వేలాడదీసి చూపించారు. వెంట్రుకవాసి తేడా లేదు.

అయితే బల్లే వంకరని తేల్చి, దాన్ని చేసిన వడ్రంగిని నాలుగు తిట్టి, రసమట్టం తెచ్చి బల్ల మీద పెట్టారు. గాజులోని బుడగ లోపలి గోడ వైపు జరిగింది. అంటే కిటికీ వైపు పల్లం. బల్లను అటుదిటు తిప్పితే పల్లం కూడా ఇటు రావాలన్నారు. ఇద్దరం రొప్పుతూ తిప్పాం. బుడగ మళ్లీ లోపలి గోడ వైపే పోయింది. స్తంభం మాత్రం ఇంకాస్త ఒరిగింది.

ఇక అనుమానించడానికి నేల ఒక్కటే మిగిలింది. అత్తగారు తడిగుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. మామగారు రసమట్టం సంచిలో పడేసి వెళ్లిపోయినా అడిగేవాళ్లు లేరు. ఆయన మూలుగుతూ వంగి దాన్ని నేల మీద పెట్టారు. బుడగ ఇక్కడా లోపలి గోడ వైపే పోయింది.

"నువ్వన్నది నిజమేనే," అన్నారు చివరికి. "నేల వాలింది. లోపం నీ చేతిలో లేదు, నా చేతిలో ఉంది."

అత్తగారికి కళ్లనీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి. ఆవిడే ముందు తేరుకుని కొంగుతో ముఖం తుడుచుకున్నారు.

"ఇంకోసారి చెప్పండి. కోడలికి సరిగా వినపడలేదు."

నాకు అక్షరం పొల్లుపోకుండా వినపడింది. అయినా లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఈసారి మామగారు వీధిలోకి వినపడేలా చెప్పారు.