ముప్పై సెంట్ల రైతులు

ఆ ఆదివారం పొద్దున కోయంబత్తూరు పీలమేడు నుంచి రెండు వ్యాన్లు వచ్చినాయి. దిగినవాళ్ళు ఇరవై మంది, కంప్యూటరు కంపెనీల్లో పనిచేసేవాళ్ళు. కొత్త టోపీలు, కొత్త రబ్బరు బూట్లు. మందు లేని సేద్యం నేర్చుకోవడానికి రెండో బ్యాచి వస్తోందని మాకు ముందురోజే చెప్పినారు. మొదటి బ్యాచి మేము, పద్నాలుగు మందిమి. మా తోట చూడడానికి వస్తున్నారు కదా అని మంచి బట్టలు కట్టుకుని గేటు దగ్గర నిలబడినాము.

గోకులకృష్ణన్ వాళ్ళని నడిపించుకుంటూ వచ్చి రామాయక్క ముందర ఆగినాడు. నేల ఆయనది, ట్రస్టు ఆయనది, శిక్షణ ఆయనది. రామాయక్కకి అరవై దాటినాయి. ఆ ఆరెకరాల్లో మన్నుకి ప్రాణం వచ్చిందంటే సగం ఆమె చేతి పనే.

"వీళ్ళు మా ఫీల్డ్ హెల్పర్లు. మీకు బరువు పనులన్నీ వీళ్ళే చేసిపెడతారు," అని వాళ్ళకి చెప్పినాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "రామాయీ, పేడ తట్ట తెచ్చి ఈడ పెట్టు," అన్నాడు.

ఏడాదిన్నరగా రామాయక్కా అని పిలిచిన నోరు అది.

ఆమె తట్ట తెచ్చింది. వంగి పేడ, బెల్లం, ఉలవపిండి కలిపి చూపించింది. వాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. అంతలో గోకులకృష్ణన్ ఇంట్లోంచి వాళ్ళకి టీ వచ్చింది, స్టీలు గ్లాసుల్లో. మాకు మొదటి రోజే చెప్పినారు, చెత్త పెరగకూడదు, ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకోవాలని. అది మన్ను మీద ప్రేమ అనుకున్నాము. ఇరవై స్టీలు గ్లాసులు ఆ ఇంట్లో ఉన్నాయని మాకు ఆ రోజు తెలిసింది.

తంగవేలన్న ముందుకు పోయి అడిగినాడు. "అన్నా, ఏడాదిన్నర అయిపోయె. మా నిలం ఎప్పుడు పంచి ఇస్తారు?"

"ఇంటికొచ్చిన విరుందాళ్లు ఉండారు. ఇప్పుడా అడిగేది?"

"వాళ్ళు ఉన్నా లేకపోయినా అడిగేది ఒకటే కదన్నా."

ఆయన పక్కకి పిలిచి చెప్పినాడు. నేలని వచ్చినవాళ్ళకి మళ్ళు మళ్ళుగా ఇస్తున్నారంట. శని ఆదివారాలు వచ్చి సేద్యం చేసుకుంటారంట. మిగతా రోజులు మళ్ళు చూసుకునే పని మాకంట. "మీకు దినమూ వేలై గ్యారంటీ, పని వెతుక్కోనక్కర్లేదు. ఇంకేమి కావాల?"

నేను ఆ పక్కనే ఉన్నాను. నా పేరు అముద. పదహారేండ్లకే స్పిన్నింగు మిల్లు హాస్టల్లో పడినాను. ఇక్కడ కూర్చుని వింటున్న మీలో మిల్లు ఆడపిల్లలు ఉన్నారు, ఆ బతుకు మీకు చెప్పనక్కర్లేదు. రొమ్ములో దూది దుమ్ము నిండినాక ఇంటికి పంపించేసినారు. మా అమ్మ మునియమ్మాళ్ కరివేపాకు కోసే కూలి. మేట్టుపాళయం దారిలో ఎటు చూసినా కరివేపాకు తోటలే, వాటికి వారం వారం మందు కొడతారు. ఆ ఆకు కోసి కోసి మా అమ్మ అరచేతులు పొరలుగా ఊడిపోతాయి. కూట్లో కారం కలుపుకోలేదు. మా కాలనీలో సగం మంది ఆడవాళ్ళ చేతులు అంతే. మగవాళ్ళు కోయంబత్తూరు పోయి మురుగు కాలవలు తీస్తారు. తంగవేలన్న ఇరవై ఏండ్లు ఆ పనే చేసినాడు. మందు లేని సేద్యం నేర్పుతామంటే మేమెందుకు పరుగెత్తినామో ఇప్పుడు మీకు అర్థమవుతుంది.

ఇంకొకటి కూడా ఉంది. ఊరి నడుమ పెద్దిండ్లలోనూ తెలుగే, ఊరి చివర మా కాలనీలోనూ తెలుగే. కానీ ఆ ఇండ్లవాళ్ళు మాతో ఎప్పుడూ తమిళంలోనే మాట్లాడేవాళ్ళు, తెలుగు మాకు లేని సొత్తు అన్నట్టు. గోకులకృష్ణన్ మొదటి రోజే మన బాసలో మొదలుపెట్టినాడు. సామీ అనొద్దు, అన్నా అనండి అన్నాడు. వంగి పిడికెడు మన్ను తీసినాడు. సున్నపు రాళ్ళు, తెల్ల దుమ్ము. బోరు ఎండి పన్నెండేండ్లు బీడు పడిన నేల.

"ఏడాదిన్నర నేర్చుకోండి. దీన్ని మీరే బాగు చేయండి. ఆ పైన తలా ముప్పై సెంట్లు అయిదేండ్లు మీ చేతుల్లో పెడతా. పండింది మీదే."

తంగవేలన్న నసిగినాడు. "ఒక కాయితం రాసిస్తే..."

"ఒకే బాస మాట్లాడేవాళ్ళం. మన నడుమ కాయితం ఎందుకన్నా?"

మురుగు తీసినవాడిని పెద్దింటివాడు అన్నా అన్నాడు. మాకు కండ్లలో నీళ్ళు వచ్చినాయి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తున్నాను.

శిక్షణ కాబట్టి కూలి లేదు. రాళ్ళు ఏరినాము. వాన నీళ్ళు నిలవడానికి గుంతలు తవ్వినాము. నవధాన్యాలు చల్లి, పూతకి వచ్చినాక కలియదున్నినాము. మేట్టుపాళయం సంతలో పారేసిన ఆకులన్నీ మోసుకొచ్చి నేలకి కప్పినాము. క్లాసులో తెర మీద బొమ్మలు చూపించేవాళ్ళు, కానీ ఏ మన్ను ఎప్పుడు తడి అడుగుతుందో రామాయక్క ముక్కుకే తెలుసు. రెండో వానకి వానపాముల మన్ను పైకి వచ్చింది. ఆమె ఒక గడ్డ నా చేతిలో పెట్టి, "నలుపు, పొడిగా రాలతాది చూడు," అనింది. దాన్ని కొంగులో కట్టుకుని పోయి మా అమ్మకి చూపించినాను. అమ్మ వాసన చూసి, "ఇది వాళ్ళ మన్నా, మన మన్నా?" అని అడిగింది. మనదే అని చెప్పినాను.

వ్యాన్లు వచ్చిపోయిన ఆ సాయంత్రం కాలనీ నీళ్ళ ట్యాంకు కింద అందరం కూడినాము. మా తమ్ముడు వినోత్ అక్కడికి వచ్చినాడు, చేతిలో ఫైలుతో. కాలనీలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. ట్రస్టులో కోఆర్డినేటరు. మమ్మల్ని ఇల్లిల్లూ తిరిగి ఆ శిక్షణలో చేర్పించింది వాడే.

"గురువారం కాక పై గురువారం సర్టిఫికేటు వాళ్ళు వస్తారు. పక్క ఊళ్ళ రైతులు ఇద్దరు, ఆఫీసరు ఒకరు. మీరు ఈడ సంతకం పెట్టి, ఆ రోజు అడిగినదానికి ఆమా అని తలూపితే చాలు."

నేను కాయితం తీసుకుని గట్టిగా చదివినాను. అంతా తమిళంలో ఉంది. వివసాయి పేరు, అముద. సాగు నేల, ముప్పై సెంట్లు. సాగు చేసేది, సొంతంగా. అట్లాంటివి పద్నాలుగు కాయితాలు, పద్నాలుగు మంది రైతులు. ఆ సర్టిఫికేటు చిన్న రైతుల గుంపుకే ఇస్తారు, ఒకరికొకరు సాక్షులుగా. అది లేకపోతే ఆ తోట సరుకు మీద సేంద్రియం అని చీటీ అంటించడానికి లేదు.

"ఇవి ఎప్పుడు రాసినావురా?" అన్నాను.

"పోయిన ఏడు."

"నిలం మాకు ఇవ్వరని నీకు ఎప్పుడు తెలిసె?"

వాడు కాలి బొటనవేలు చూసుకున్నాడు. "ఆడి నెలలో."

ఆషాఢపు గాలికి అరటి పడిపోకుండా మేము కర్రలు కట్టిన నెల అది. మా పక్కన నిలబడి, ఇంకో కర్ర పెట్టక్కా అని వాడే చెప్పినాడు. సూపర్‌వైజరు వేలై తనకి ఖాయమైందని అప్పటికే తెలుసు వాడికి. గోకులకృష్ణన్ చేసింది నాకు కోపం తెప్పించింది. వీడి మొహం చూడలేక కాయితం మడిచి ఫైలులో పెట్టేసినాను.

తంగవేలన్న ఫైలు లాక్కున్నాడు. "కాల్చి పారేస్తాము."

పాండీశ్వరి అడ్డం వచ్చింది. ఆమె కూడా మా బ్యాచే, ఇద్దరు పిల్లలతో ఒంటిగా ఉంది. "మందు లేని కూలి అయినా దొరుకుతాదిలే అన్నా. నా చేతులు చూడు. మళ్ళీ కరివేపాకుకి పొమ్మంటావా?"

మా అమ్మ గుంపు వెనక నుంచి అరిచింది. "సంతకం పెట్టి పొండి. నా కొడుకు వేలై పోతాది. కాలనీలో ఒక్కడు పైకొస్తే ఓర్చుకోలేరా?"

అందరూ ఒకేసారి మాట్లాడినారు. రామాయక్క ఫైలు తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. 

"కాల్చొద్దు. ఈ కాయితంలో ఉండేది నిజమే. వాళ్ళు అబద్ధం అనుకుని రాసినారు."

ఆమె పాండీశ్వరి వైపు తిరిగింది.

"కూలి తప్పని నేననలే పాండీశ్వరీ. నాకు తెలిసిందే అది. కానీ కాయితంలో రైతు అని రాసి, గేటు కాడ హెల్పరు అంటే, రెండిట్లో యాది నిజమో అడగతా. నువ్వు నాతోపాటు అడుగు. ఒక్కదాన్ని అడిగితే ముసిలిదానికి మతి లేదంటారు. పద్నాలుగు మందికీ మతి లేదని చెప్పలేరు."

పాండీశ్వరి చాలాసేపు చేతులు చూసుకుంది. తర్వాత పోయి రామాయక్క పక్కన కూర్చుంది. ఆ సాయంత్రమే ఎవరూ విడిగా పోకూడదని, విడిగా పిలిస్తే మాట్లాడకూడదని అనుకున్నాము. దానికే సంగం అని పేరు పెట్టుకున్నాము. కాయితాల మీద సంతకాలు పెట్టి ఫైలు వినోత్ చేతికి ఇచ్చేసినాము. వినోత్ అన్నం తినకుండా బండెక్కి తోటకి పోయినాడు.

చెప్పిన గురువారం సర్టిఫికేటు వాళ్ళు వచ్చినారు. రెండో బ్యాచివాళ్ళని కూడా చూడడానికి పిలిచినారు. ఆఫీసరు ఫారం చూసి మొదట రామాయక్కని అడిగినాడు.

"ఈ ముప్పై సెంట్లలో సాగు చేసేది మీరేనా?"

"ఆమా. నేనే."

"సొంతంగానా?"

"ఆమా. అట్లే రాసినారు కదా. ఆ పైన రాయాల్సింది ఒకటుంది. ఈయన్ని అడిగి రాయి సార్, ఈ నిలం అయిదేండ్లు మాదేనని."

తంగవేలన్న అదే చెప్పినాడు. నేను అదే చెప్పినాను. పాండీశ్వరీ అదే చెప్పింది. పద్నాలుగు మందిమీ చెప్పినాము. ఆఫీసరు పెన్ను మూసి గోకులకృష్ణన్ వైపు చూసినాడు. "వీళ్ళు రైతులా, కూలీలా? మీరే చెప్పండి. రైతులు కాకపోతే ఈ ఫారం తప్పు."

గోకులకృష్ణన్ మాతో తమిళంలో మాట్లాడినాడు. ఏడాదిన్నరలో అదే మొదటిసారి. "వెళియే పోంగ." బయటికి పొండి.

మేము పోలేదు. ఎవరి మడి గట్టు మీద వాళ్ళు కూర్చున్నాము. నేల తగాదా మా పని కాదంటూ ఆఫీసరు ఫైలు సర్దుకుని పోయినాడు. రెండో బ్యాచిలో కృత్తిక అనే అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "ఈ నేలని ట్రస్టు బాగు చేసిందని మాకు చెప్పారు," అంది.

"ట్రస్టు చేతులు ఎట్లా ఉంటాయో చూసినావా నువ్వు?" అన్నాను.

ఆమె, ఇంకో ఇద్దరు తమ మళ్ళు వద్దని అక్కడే చెప్పేసినారు. మిగతా పదిహేడు మంది వ్యానెక్కి పోయినారు. వాళ్ళ మీద నాకు పెద్ద ఆశ ఏమీ లేదు. ఆ ముగ్గురి మీద ఉంది.

ఆ రాత్రి మేము ఇండ్లకి పోయినాక గేటుకి తాళం పడింది. మేము జొరబడినామని పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చినారు. లోపల మా చిన్న ఉల్లి ఆకు వాలిపోయి ఉంది, పీకే పదును. మబ్బు కమ్ముతోంది. వాన పడితే గడ్డ మన్నులోనే కుళ్ళుతుంది. రోజూ కంచె బయట నిలబడి చూసినాము. పక్క తోటల్లో కరివేపాకు కోసే ఆడవాళ్ళు పని అయినాక మా దగ్గరికి వచ్చి నిలబడడం మొదలుపెట్టినారు. మొదట అయిదుగురు. నాలుగో రోజుకి నలభై మంది.

అయిదో రోజు పొద్దున తంగవేలన్న కంచె తీగ పట్టుకుని పైకెత్తినాడు. ఒకరి వెనక ఒకరం దూరి లోపలికి పోయినాము. నినాదాలు ఏమీ లేవు. సాళ్ళలో కూర్చుని ఉల్లి పీకడం మొదలుపెట్టినాము. గంటలోపే పోలీసు వ్యాను వచ్చింది.

ఇన్‌స్పెక్టరు గట్టు మీద నిలబడి, "ఎవరెవరు వీళ్ళు? పేర్లు చెప్పు," అన్నాడు.

ట్రస్టు తరఫున పక్కన నిలబడిన వినోత్ చెప్పినాడు. మమ్మల్ని రైతులని రాసిన ఆ ఫైలులోని పేర్ల పట్టీయే వాడి చేతిలో ఉంది. దాన్ని చూసి ఒక్కొక్క పేరూ చదివినాడు. తంగవేల్. రామాయి. పాండీశ్వరి. పేరు చదివినవాళ్ళని కానిస్టేబుళ్ళు లేపి వ్యానెక్కిస్తున్నారు. రామాయక్కని లేపుతుంటే ఆమె తట్ట పక్కకి జరిపి, వెనక ఉన్న కరివేపాకు కూలీతో, "వేరు తెగకుండా పీకమ్మా," అనింది. ఆ మనిషి వచ్చి ఆమె సాలులో కూర్చుంది. తంగవేలన్న సాలులోకి ఇంకొకరు వచ్చినారు.

అముద, అని చదివినాడు మా తమ్ముడు. గొంతు మారలేదు వాడికి. నేను వాడి మొహంలోకి చూసినాను, వాడు కాయితంలోకి చూసినాడు.

వ్యాను కిటికీ కమ్మీల్లోంచి చూస్తే నా సాలు ఖాళీగా కనబడింది. అప్పుడు కంచె కింద నుంచి ఒకామె వంగి లోపలికి వచ్చింది. నడక చూసి గుర్తుపట్టినాను. ఆ ట్యాంకు కింది సాయంత్రం తర్వాత మా సంగానికి ఒక్కసారి కూడా రాని మనిషి, రెండు వారాలకి పైగా నాతో మాట్లాడని మనిషి. మా అమ్మ. వచ్చి నా సాలులో కూర్చుని, చర్మం ఊడిన చేతులతో ఉల్లి పీకడం మొదలుపెట్టింది.

"ఇదెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

వినోత్ పట్టీ ఇటు తిప్పి అటు తిప్పి చూసినాడు. అందులో ఆ పేరు లేదు.

"అడుగుతున్నానే, ఇదెవరని?"

 అమ్మ తల ఎత్తలేదు. ఉల్లికి అంటిన మన్ను దులిపి తట్టలో వేసింది.

"చెప్పరా," అనింది. "నీకు తెలియని పేరా?"

కంచె దగ్గర తీగ ఎత్తి పట్టుకున్నారు ఎవరో. ఇంకా వస్తా ఉన్నారు.