కుటుంబ కారణాల వల్ల

"కోడెందుకంతన్నాను. ఆయనకి టీ సుక్క సాలదా?" అని రత్నాలు మూడోసారి అడిగింది.

"అంత పెద్ద సారు మనింటికొత్తంటే టీ సుక్క పోసి పంపేత్తావా? సిగ్గు నేదేటి నీకు?" అన్నాడు గాసి. అప్పటికే అతను కోడి కాళ్లు కట్టేశాడు.

"పోయినసారి ఒచ్చి ఏం సేసినాడు? తోట మొకం సూడ్నేదు. రెండు తేనె సీసాలు కారులో ఎట్టుకుని ఎల్లిపోనాడు."

"నీకు పిల్ల ఎల్లడం ఇష్టం నేదు. ఆ కోపం కోడి మీద సూపెడతన్నావు."

ఈ మాట నిజమే. వాళ్ల కూతురు స్వర్ణ విశాఖపట్నంలో తేనెటీగల మీద పరిశోధన చేస్తోంది. దేశంలో ఆ చదువు చదివే విద్యార్థులందరిలోకీ ఆమె రాసిన పేపరుకి మొదటి బహుమతి వచ్చింది. గువాహటిలో సభ. అక్కడికి వెళ్లి, చేసిన పని గురించి పదిమందికీ చెప్పి, బహుమతి అందుకోవాలి. విమానం టిక్కెట్టు సభవాళ్లదే. ఆ సంగతి గాసి డుంబ్రిగుడ సంతలో ఉల్లిపాయలమ్మే వాడికి కూడా చెప్పొచ్చాడు. రత్నాలుది మాత్రం వారం రోజులుగా ఒకటే పాట. ఆడగుంట ఒక్కతీ అంత దూరమా? అక్కడి తిండి దానికి పడతాదా? కాఫీ పండు కోతకొచ్చిన రోజుల్లో ఎవరైనా ఊళ్లు తిరుగుతారా?

పదకొండు గంటలకి స్వర్ణ గైడు వెంకటరావు వచ్చాడు. వాన పడి పది రోజులైంది, నేలంతా పొడి. అయినా ఆయన ప్యాంటు అంచులు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, ఏరు దాటుతున్నట్టు నడిచొచ్చాడు. గాసి పక్కింట్లో అడిగి తెచ్చిన కుర్చీని రుమాలుతో రెండుసార్లు తుడుచుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా గాసీ, బాగున్నావా? ఏం మామ్మా, ఈసారి పూత ఎలా ఉంది?" అని గుమ్మంలో కూర్చున్న గాసి తల్లి సోములమ్మని పలకరించాడు.

సోములమ్మ బోసినోరు తెరిచి నవ్వింది. "పూతేటి బాబూ! పూత ఏసంగి వానలకి కదా. ఇప్పుడు పండు కోత్తన్నాం."

కాఫీ పూలకీ తేనెటీగలకీ ఉన్న సంబంధం మీద రెండేళ్లుగా పరిశోధన చేయిస్తున్న మనిషి ఆయన. కోతకని ఇంటికొచ్చిన స్వర్ణ తల దించుకుని కాలి బొటనవేలు చూసుకుంది. ఆయనకి మాత్రం ఏమీ అనిపించినట్టు లేదు.

గాసి పళ్లెంలో కోడికూర పెట్టి తెచ్చాడు. "అయ్యో, కార్తీకమాసం కదయ్యా, నీచు ముట్టను" అంటూ వెంకటరావు తన సంచీలోంచి నీళ్ల సీసా తీసి తాగాడు. రత్నాలు మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. గాసి పళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

తర్వాత ఆయన ఒక కాగితం తీసి, చాలా మెత్తగా మొదలుపెట్టాడు.

"స్వర్ణ బంగారం లాంటి పిల్ల. కానీ ఆలోచించండమ్మా. ఆడపిల్ల, ఒక్కతే అంత దూరం ఎలా వెళ్తుంది? అక్కడి తిండి పడుతుందా? పైగా మీకిది కోతల కాలం. ఇంట్లో చెయ్యి సాయం కావాలి కదా."

రత్నాలు ఆయన మొహంలోకి చూసింది. మాటలు తనవే. ఒక్కటీ మారలేదు. తన నోట్లో ఉన్నప్పుడు వాటిలో భయం ఉండేది. ఈయన నోట్లో ఏ భయమూ లేదు. ఎవరి పెట్టెలోంచో తీసిన చీర కట్టుకుని, ఆ ఇంటికే పెళ్లికొచ్చినట్టుంది ఈయన వాలకం.

"అందుకని ఈ చిన్న కాగితం. ఊరికే, ఒక పద్ధతి కోసం. ఇక్కడ నువ్వో సంతకం, అమ్మాయో సంతకం" అని పెన్ను గాసికి అందించాడు.

వారం రోజులుగా కూతురు విమానం ఎక్కుతుందని ఊరంతా చాటిన గాసి, పెద్దమనిషి పెన్ను ఇచ్చేసరికి రెండు చేతులతో అందుకున్నాడు. "ఎక్కడెట్టాల బాబూ?"

"ఆగు. అందులో ఏటుందో సదవే స్వర్ణా" అంది రత్నాలు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. స్వర్ణ ఒక్కో మాటా తెలుగు చేసి చదివింది. "కుటుంబ కారణాల వల్ల నేను సభకి వెళ్లలేను. మా అమ్మకి ఇష్టం లేదు. నా బదులు హరీష్ వెళ్లి పేపరు చదవడానికి, బహుమతి తీసుకోవడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు."

హరీష్ వెంకటరావు తోడల్లుడి కొడుకు. పేపరు మీద రెండో పేరు అతనిది. తోటకి వచ్చింది ఒక్కరోజు.

"ఎవులు, సీమలు కుడితే సొక్కా ఇప్పేసి పరిగెట్టినోడా?" అంది సోములమ్మ.

వెంకటరావు నవ్వినట్టు చేశాడు.

"నాకిష్టం నేదని మీకెవులు సెప్పినారు బాబూ?" అంది రత్నాలు.

"మీ అమ్మాయేనమ్మా. పాపం, ఫోన్లో నాతో చెప్పుకుని ఏడ్చింది. వింటే నాకే కష్టమనిపించింది."

ఆ కష్టంలోనే కూర్చుని కాగితం టైపు చేయించుకొచ్చాడన్నమాట. రత్నాలు మొగుడి చేతిలోంచి పెన్ను తీసి ఆయనకి ఇచ్చేసింది.

"కాగితం ఉండనీండి. ఇంట్లో మాటాడుకుంటాం."

"ఆలస్యం చెయ్యకండి. రేపు హరీష్‌ని పంపిస్తాను." ఆయన లేచి, గుమ్మం దగ్గర ఆగాడు. "అన్నట్టు, తేనె ఏమైనా ఉందా అమ్మా?"

"నేదు బాబూ" అంది రత్నాలు. అటక మీద మూడు సీసాలు అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి.

కారు వెళ్లాక గాసి అరిచాడు. "ఎల్లొద్దన్నదీ నువ్వే, సంతకం ఎట్టొద్దన్నదీ నువ్వే! ఏటి నీ బాద?"

రత్నాలు బుట్ట నడుముకి కట్టుకుని తోటలోకి నడిచింది. కాసేపటికి మిగతా ముగ్గురూ వచ్చారు. ఎండ మిరియాల తీగల సందుల్లోంచి పడుతోంది. ఎవరి మొక్క దగ్గర వాళ్లు, ఎర్రటి పళ్లు ఏరి ఏరి కోస్తున్నారు.

రెండు పూతల కాలం స్వర్ణ ఈ మొక్కల కిందే కూర్చుంది. తెల్లారి మొదలు, పువ్వు మీద ఈగ వాలినప్పుడల్లా చేతిలో ఉన్న చిన్న లెక్కింపు మిషను మీట నొక్కుతూ లెక్క పెట్టింది. ఒకరోజు రత్నాలు అంబలి తెస్తే, నీడ పడుతుంది, దూరంగా ఉండమని సైగ చేసింది. రత్నాలు గిన్నె పట్టుకుని గంటసేపు నిలబడింది. విసుక్కుంది కూడా. ఈ పిల్ల ఇంత కష్టపడుతోంది ఎవడికోసం అని అప్పుడు అడగాలని తట్టలేదు. వారం రోజులుగా తను చేసిందల్లా ఆ తోడల్లుడి కొడుక్కి దారి ఊడ్చి పెట్టడమే.

ఆమె కోత ఆపకుండా, పక్క మొక్కతో చెబుతున్నంత మెల్లగా అంది.

"స్వర్ణ ఎల్తాది. ఇమానం ఎక్కేదాకా తోడు నేనెల్తాను. రేపా గుంటడొత్తే కాగితం సంతకం నేకుండా నేనే ఇత్తాను. మన ముగ్గురికీ ఈ పండు కొయ్యడం ఏటంత పెద్ద పని కాదు."