హాలు గోడ మీద పులికాట్

చింతాద్రిపేటలో మృణాళిని టీచరు ఉండే ఫ్లాటు మొదటి అంతస్తులో ఉంది. హాల్లో పడమటి గోడకు చెమ్మ పట్టి, ఎన్నిసార్లు సున్నం వేయించినా పెచ్చులు ఊడుతూనే ఉండేవి. ఈసారి గోడ నిండా బొమ్మ వేయించేస్తే మచ్చ కనపడదనుకుంది. జనవరిలో బడి పిల్లలను పులికాట్ సరస్సుకు తీసుకుపోయినప్పుడు చూసిన ఫ్లెమింగోలు ఇంకా ఆమె కళ్ళలోనే ఉన్నాయి. అవే కావాలంది.

గోడల మీద బొమ్మలు వేసే ధన్య వచ్చి కొలతలు తీసుకుంది. రెండు రోజుల్లో స్కెచ్ గీసి తెచ్చింది. చూసి మృణాళిని మురిసిపోయింది. అప్పుడు ధన్య గోడకు అరచేయి ఆనించి, పెదవి విరిచింది.

"ఆంటీ, ఈడ లోపలంతా తడి. పైన బాత్రూమా?"

"అవును మా. నువ్వు వేసేయ్. రంగు కింద ఏం కనపడతాది?"

"కనపడదు. కానీ ఆరు నెలల్లో పక్షులతో సహా రాలిపోతాది. చెడ్డపేరు నాకొస్తాది. పైవాళ్ళతో మాట్లాడి బాగుచేయించండి ఆంటీ, అప్పుడొస్తాను."

పైవాళ్ళంటే లూర్దుమేరి. రిటైరైన నర్సు. ఒకసారి ఆమె ఆరేసిన దుప్పటి నీళ్ళు కింద బాల్కనీలో మృణాళిని వడియాల మీద కారాయి. అక్కడ మొదలైన గొడవతో నాలుగేళ్ళుగా మెట్ల మీద ఎదురైనా ఇద్దరూ ముఖాలు తిప్పుకుంటున్నారు.

మూడు రోజులు తటపటాయించి, నాలుగోనాడు మృణాళిని మెట్లెక్కింది. ఏం చెప్పాలో తోచక స్కెచ్ చేతబట్టుకుపోయింది. తలుపు తీసిన లూర్దుమేరి మొదట ఆ కాగితం వంకే చూసింది. వాళ్ళిద్దరి మాటలూ ఎప్పుడూ అరవంలోనే. మృణాళిని గోడ సంగతి చెప్పింది.

"కారుతోందని నాకెట్లా తెలుస్తుంది టీచర్? ఒక్కసారైనా వచ్చి చెప్పినావా?"

చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఆమెను మనసులో తిట్టుకుంటూ సున్నం వేయించుకుందే తప్ప, ఒక్కమాట చెప్పలేదు.

"తప్పు నాదే అక్కా," అంది మృణాళిని.

ఆ వారమే ప్లంబరు వచ్చి టైల్సు పగలగొట్టి, చిల్లుపడ్డ పైపు మార్చాడు. గోడ ఆరడానికి రెండు నెలలు పట్టింది. చిత్తిరై నెల ఎండల్లో, బడికి సెలవులిచ్చాక, ధన్య రంగు డబ్బాలతో దిగింది.

పని జరిగిన తొమ్మిది రోజులూ పదింటికల్లా లూర్దుమేరి కిందికొచ్చి కుర్చీలో కూర్చునేది. అయిదోరోజు, "పడవ ఏదీ? పడవ లేకుంటే అదేం సరస్సు?" అంది.

"పక్షులు చాలు అక్కా. గోడ నాది."

"నీదే. నీ గోడ కోసం వారం రోజులు మా చెల్లెలింట్లో స్నానం చేసినాను."

ఇద్దరి గొంతులూ లేచాయి. వాళ్ళు తేల్చుకునేదాకా ధన్య కుంచెలు కడుక్కుంటూ ఊరుకుంది. మృణాళినికి ఒళ్ళు మండింది. అయినా ఈసారి లోపలికిపోయి తలుపు వేసుకోలేదు. నిలబడి వాదించింది.

చివరికి పడవ వేయించింది, ఎక్కడో దూరంగా, బొటనవేలంత. లూర్దుమేరి దగ్గరికిపోయి చూసి, మరీ చిన్నదని సణిగింది. మర్నాడు కూడా పదింటికే వచ్చింది.