కరీంనగర్ తొవ్వకు ఏ బండి

పొద్దున్నే వాకిట్లో సాన్పి చల్లుతూ సక్కుబాయి ఊరి ఇండ్లను వరసగా తలుచుకుంటుంది. బస్టాండు వైపు నుంచి మొదలుపెట్టి ఇంటింటి పేరూ, ఆ ఇంటి ముచ్చటా. హనుమండ్లు ఇంట్లో మగ్గం గుంతలో పిల్లి ఈనింది, అంతయ్య పెండ్లిలో పప్పుకు రెండుసార్లు ఉప్పు పడింది. ఒక్కోరోజు ఏదో ఒక ఇంటి దగ్గర పేరు తట్టక ఆగిపోతుంది. చెంబు పట్టుకుని కాసేపు నిలబడి, మళ్లీ బస్టాండు నుంచి మొదలుపెడుతుంది.

అది ఆమెకు పని. కొడుకు భానుప్రసాద్ లక్సెట్టిపేటలో కిరాయి కారు నడుపుతాడు. ముందు సీట్లో సక్కుబాయి ఉంటుంది, అందరికీ ఆమె అవ్వ. ఉండాలి, ఎందుకంటే కరీంనగర్ తొవ్వ ఎప్పుడూ ఒక్క తీరుగా ఉండదు. పెండ్లికి పోయేవాళ్లకు అరవై కిలోమీటర్లలో అయిపోతుంది. దవాఖానకు పోయేవాళ్లకు నూట నలభై అయినా తెగదు. మనసులో బరువును బట్టి తొవ్వ సాగుతుంది, దారి పక్క రాళ్ల మీద అంకెలూ దానికి తగ్గట్టే మారుతాయి. బస్టాండులో ఎంక్వయిరీ ఆయన బస్సులోకి ఓసారి తొంగి చూసి, ఎందరి చేతుల్లో దవాఖాన కాయితాలున్నాయో లెక్కపెట్టుకుని గానీ అది ఎప్పటికి చేరుతుందో చెప్పడు.

సక్కుబాయి మాట్లాడుతుంటే ఆ తొవ్వ దగ్గరపడుతుంది. ఎక్కినవాళ్లకు వాళ్ల ఇంటి ముచ్చటే చెప్తుంది. వాళ్ల తాత చేసిన తుంటరి పని, వాళ్ల మేనత్త అలక. విన్నవాళ్లు ఒక్కసారి నవ్వారంటే, గోదావరి వంతెన దిగగానే ధర్మపురి, ధర్మపురి దాటగానే జగిత్యాల. అందుకే కారు మాట్లాడుకునేటప్పుడు జనం ఏసీ ఉందా అని అడగరు. "అవ్వ వస్తదా?" అని అడుగుతారు.

పోయిన నెల శ్రీహరి అనే ఆయనను స్కానింగుకు తీసుకుపోతుంటే రాయపట్నం దగ్గర ఆమెకు ముచ్చట నడుమ ఒక పేరు మరుపుకొచ్చింది. డీజిల్ ఇంజన్ మోతలో ఆమె ఆగిపోయిన సంగతి వెనుక సీటుకు వినిపించలేదు. తొవ్వకు మాత్రం తెలిసిపోయింది. కరీంనగర్ చేరేసరికి స్కానింగు సెంటరు షట్టరు దించి ఉంది. భాను కారు వెనక్కి తిప్పాడు. ఆమెకు మూడు రోజులు ముద్ద దిగలేదు.

ఆ తర్వాత కారే మొరాయించింది. ఎదురింటి మెకానిక్ నజీరుద్దీన్ బానెట్ మూసి, "భానూ, ఇగ దీన్ని గోస పెట్టకు బిడ్డా. ఇడిసెయ్" అన్నాడు.

ఆ సాయంత్రం నజీరుద్దీన్ కూడా వచ్చి కూర్చున్నాక, చాప మీద మూడు కొత్త కార్ల కాయితాలు పరిచి కోడలు మమతారాణి చదివింది.

"ఇది ఒట్టి కరెంటుది. ఒక్కసారి చార్జింగు పెడితే కంపెనీ మూడొందల కిలోమీటర్లంటది. మన ఎండలకు, ఏసీకి రెండొందలనుకో."

"ఎవలు కూసుంటే రెండొందలు?" అన్నాడు భాను.

"గదే గద పరేషాన్. ఇగ ఇది హైబ్రిడ్. పెట్రోలు పోస్తం, బ్రేకు తొక్కినప్పుడల్లా బ్యాటరీ దానంతట అదే నిండుతది. ప్లగ్గు పెట్టే పని లేదు. తొవ్వ ఎంత సాగినా బంకు దొరుకుతది. ఈ మూడోదానికి రెండూ ఉంటయి. ప్లగ్గు పెట్టచ్చు, పెట్రోలు పొయ్యచ్చు. కాని మనం కొనేటంత కాదు, మన దిక్కు దొరకదు కూడ."

"రెండు ఇంజన్లు, రెండు తీర్ల రోగాలు," అన్నాడు నజీరుద్దీన్. "కొనురి, నా దుకాణం నడుస్తది."

అందరూ నవ్వారు. సక్కుబాయి మాత్రం రెండో కాయితం వైపే చూస్తోంది. ఆ కారుకు తొవ్వను దగ్గర చేసే మనిషి అక్కరలేదు. మొదటిదానికి కావాలి.

"పెట్రోలుదే తీసుకో కొడుకా," అంది.

"కిరాయికి కరెంటుదే కలిసొస్తది అత్తమ్మా. నువ్వుండంగ ఫికరేంది?"

"నేనుంటనే. నా యాది ఉండాలె గద."

తమాషాకే అన్నట్టు అంది. మమతారాణి కాయితాలు మడత పెట్టింది.

మంచిర్యాల షోరూంలో నవ్యశ్రీ అనే అమ్మాయి కరెంటు కారును ఒక రోజు నడిపి చూసుకొమ్మని ఇచ్చింది. గురువారం పొద్దున భాను దాన్ని లక్సెట్టిపేట తెచ్చేసరికి చార్జింగు సగమే ఉంది. ఆ రోజే నజీరుద్దీన్ భార్య లతీఫున్నీసాకు కంటి ఆపరేషను. హైదరాబాదు డాక్టరు వారానికి ఒక్కరోజే కరీంనగర్ వస్తాడు, ఒంటి గంట దాటితే వెళ్లిపోతాడు. ఇంకో వారం ఆగితే ఆ కంట్లో చూపు దక్కదని ముందే చెప్పాడు.

"నేను రాను. కడుపుల మంచిగ లేదు," అంది సక్కుబాయి గడపలోనే నిలబడి.

"నువ్వు రాకుంటే నేను నడిచి పోవాల్నా సక్కూ?" అంది లతీఫున్నీసా, కారులో నజీరుద్దీన్ పక్కన కూర్చుని. "పోయేసరికి రంజాన్ అయితది."

సక్కుబాయి ఎక్కి కూర్చుంది. కాసేపటికి, "బండి చాలు చెయ్యవేంది రా?" అంది.

"పోతున్నం అవ్వా. ఊరు దాటినం."

అంత నిశ్శబ్దంగా ఉందది. వెనుక లతీఫున్నీసా గాజులు కదిలినా ముందుకు వినిపిస్తున్నాయి. వంతెన దాటాక రాయి మీద కరీంనగర్ డెబ్బై నాలుగు అని ఉంది. తర్వాతి రాయి మీద ఎనభై ఒకటి. ఆ తర్వాత తొంభై. లతీఫున్నీసా కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. భాను ఏసీ ఆపేశాడు. జగిత్యాలలో చార్జింగు ఉంది గానీ అక్కడ గంట ఆగితే డాక్టరు దొరకడు.

సక్కుబాయి గొంతు సవరించుకుంది.

"లతీఫా, నువ్వు కొత్తగ వచ్చిన ఏడు మిద్దె మీద సేమియా ఆరబెట్టినవ్. కోతులొచ్చినయ్. ఒక కోతి సేమియా మెడల దండ ఏసుకుంది. నజీర్ భాయి లుంగీ ఎగ్గట్టి దానెనుక ఉరికిండు. అది ఎగిరి... ఎగిరి ఆ ఇంటి పెంకల మీదికి..."

ఎవరి ఇల్లు? పేరు ఉండే చోట ఏమీ లేదు. ఈ కారులో దాక్కోవడానికి మోత కూడా లేదు. ఆమె ఆగిపోవడం అందరికీ వినిపించింది. బయట రాయి మీద నూట రెండు.

"బాలలక్ష్మి ఇల్లు," అంది లతీఫున్నీసా వెనుక నుంచి. "కోతి బాలలక్ష్మి పెంకలెక్కింది. ఆమె చీపురు తెచ్చి కోతిని ఇడిసి ఈయన్ను కొట్టింది."

"చీపురు కాదు, పొయ్యిల కట్టె," అన్నాడు నజీరుద్దీన్. "దెబ్బలు తిన్నోన్ని, నాకు తెల్వదా?"

లతీఫున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాతి రాయి మీద యాభై ఎనిమిది.

సక్కుబాయి ఇంకో ముచ్చట ఎత్తుకుంది. అది నడుమ తెగితే ఈసారి భాను అందుకుని చివరిదాకా చెప్పాడు.

"నీకెట్ల ఎరుక రా?"

"పన్నెండేండ్ల సంది నీ పక్కన కూసున్న గదనే."

పన్నెండుంబావుకు దవాఖాన గేటు దగ్గర దిగారు. లతీఫున్నీసాకు చూపు నిలిచింది.

కరీంనగర్‌లో చార్జింగు పెట్టుకుని వెనక్కి వచ్చి, పొద్దు గూకే వేళకు కారు మంచిర్యాల షోరూంలో అప్పజెప్పారు. నవ్యశ్రీ కాయితం తీసింది. "కిలోమీటర్లు సరిపోయినయా సార్?"

"పోయేటప్పుడు ఎనభై ఆరు, వచ్చేటప్పుడు యాభై ఏడు మేడం."

ఆ అమ్మాయిదీ ఆ దిక్కే. రెండు అంకెలూ రాసుకుంది. "తీసుకుంటున్నరా?"

"తీసుకుంటున్న. ముందు సీటు కవరు ఏ రంగుదో అవ్వనడుగురి. అది ఆమె సీటు."

"పెట్రోలుది తీసుకొమ్మన్న గద రా," అంది సక్కుబాయి మెల్లగా.

"రంగు అడిగినమే అవ్వా."

ఆమె కారు ముందు సీటు వైపు చూసింది. "ఆకుపచ్చ," అంది.

వానలు వెనుకపట్టేసరికి ఆ కారు వెంట ఒక ఆటో పోవడం మొదలైంది. అవ్వ దగ్గర చేసిన తొవ్వ వెనుకవాళ్లకూ దగ్గరే కదా. తర్వాత ఒక పాల వ్యాను, దాని వెనుక ఆర్టీసీ బస్సు. భాను నెమ్మదిగా నడుపుతాడు, అందరూ అద్దాలు దించుకుని వస్తారు.

ఒకరోజు సక్కుబాయి చెప్తూ చెప్తూ, "ఆ పిల్ల పేరేందో..." అని ఆగింది. కారులో ఎవరికీ తెలియదు, భానుకు కూడా. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి ఆటో అతన్ని అడిగింది. అతను వ్యానుకు కేకేశాడు. వ్యాను బస్సు డ్రైవరును అడిగింది. బస్సులో కండక్టరు సీటు సీటుకూ అడుగుతూ చివరిదాకా పోయాడు.

సక్కుబాయి చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూసింది. ఆమెకు తొందరేమీ లేదు. కాసేపటికి బస్సు చివరి సీట్లోని ఒక ముసలాయన మాట బస్సు నుంచి వ్యానుకు, వ్యాను నుంచి ఆటోకు, ఆటో నుంచి కారుకు వచ్చింది.

"దేవుబాయి!"

"ఆఁ, దేవుబాయి," అంది సక్కుబాయి, అక్కడి నుంచి ఎత్తుకుంటూ.