తలుపు ముందు కుర్చీ

"లోపల నిద్రపోయావా ఏమిటి?"

మాటతోపాటే తలుపు మీద దెబ్బ పడింది. భర్త గొంతులో కోపమేమీ లేదు. రావలసిన బస్సు రాకపోతే మనిషి విసుక్కున్నట్టు విసుక్కున్నాడు, అంతే. ఆయన ఇంకా లేవలేదు కదా అని దూరిన ఆమె, వచ్చిన పని కాకుండానే నీళ్ళు పోసి బయటికి వచ్చేసింది.

ఆ ఇంట్లో మరుగుదొడ్డి ఒక్కటే. పొద్దుటిపూట దానికొక వరస ఉంది. ఎవరూ రాసిపెట్టలేదు గాని, శిలాశాసనమే. మొదట మామగారు, తరువాత పేపరుతో భర్త, ఆ వెనక బడికి పోవలసిన కూతురు. ఆ వేళంతా ఆమె పొయ్యి దగ్గర ఉంటుంది. ఆమెకు పిలుపు వచ్చేసరికి పాలు పొంగుకొస్తాయి; పాలు దించి వెళ్ళేసరికి పిలుపు వెనక్కి పోతుంది. ఉద్యోగమా, టికెట్ల కౌంటరులో. కిటికీ మూసి లేస్తే వరసలో ఉన్నవాళ్ళు గొణుగుతారు, సూపర్‌వైజరు "మేడమ్‌గారికి మళ్ళీ షికారా?" అంటాడు. అందుకని ఆమె అసలు నీళ్ళు తాగడమే మానేసింది.

ఆ ఇంట్లో మగవాళ్ళ పొట్టలకు మంచి పరపతి ఉంది. మామగారి పుల్లతేన్పుల కోసం అందరి కూరల్లోనూ కారం తగ్గింది. భర్త కాలేయానికి కొవ్వు పట్టిందని స్కానింగులో తేలిన నాటినుంచి ఆయనకు నూనె లేని వంట వేరే. ఆ కాలేయం క్షేమసమాచారాన్ని చుట్టాలందరూ ఫోనుచేసి మరీ కనుక్కుంటారు. ఆమె పొట్టలో ఏం నొచ్చినా దానికి మాత్రం ఒకటే పేరు, గ్యాసు. వేణ్ణీళ్ళు తాగితే అదే పోతుందని ఒకే వైద్యం. రెండు మూడు రోజులకొకసారి, పళ్ళు బిగించి, ప్రాణం పోయినంత పనయ్యేది. ఒకనాడు రక్తం కనబడింది.

ఎవరికి చెప్పాలి? భర్తతో అంటే, పొద్దున్నే ఆ కబుర్లేమిటని మొహం తిప్పుకుంటాడు. పెద్ద జబ్బేమోనన్న భయాన్ని కొన్నాళ్ళు కడుపులోనే దాచుకుంది. అప్పటికే అక్కడ దాచినవి చాలా ఉన్నాయి. చివరికి సెలవు పెట్టి ఒంటరిగా ఆసుపత్రికి వెళ్ళింది.

డాక్టరమ్మ పరీక్ష చేసి, మలబద్ధకం ముదిరి లోపల చీలిక వచ్చిందని, ప్రాణభయమేమీ లేదని, ఇలాగే వదిలేస్తే మాత్రం కోయవలసి వస్తుందని చెప్పింది. ఆ తరువాత, ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అడిగింది.

"రోజూ ఏ వేళకి వెళ్తారమ్మా?"

"ఖాళీ దొరికినప్పుడండీ."

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. నీళ్ళు, పీచు, పూతమందు అన్నీ చెప్పి, నిద్ర లేవగానే ఎవరూ తరమకుండా నిదానంగా కూర్చోవాలంది. "నా మందు సగమే చేస్తుంది. మిగతా సగం మీ తలుపు గడియ చెయ్యాలి."

ఆ మాట ఇంట్లో చెప్పడమెలా అన్నది ఆమెకు చీలికను మించిన బాధ అయింది. అత్తగారు కోడలిని మెచ్చుకున్నదీ లేదు, తిట్టినదీ తక్కువే. సాయంత్రం పూతమందు గొట్టం చూసి, దేనికని అడిగింది. ఆమె తల వంచుకుని చెప్పింది. అత్తగారు విని, ఉతికిన బట్టలు మడతపెట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు లేవగానే ఆమె లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. అడుగుల చప్పుడుకు ముందే, బయట కుర్చీ ఈడ్చిన చప్పుడైంది.

"లోపలెవరు?" భర్త గొంతు.

"నీ భార్య." అత్తగారి గొంతు.

"నాకు టైమవుతోందమ్మా. రమ్మను."

"రాదు. నువ్వు పేపరు హాల్లో చదువుకో."

"కాపలా కాసేంత జబ్బేమిటి తల్లీ అది?"

"నాకున్నదే. నీ చిన్నప్పుడు నాకు ఆపరేషనయింది. దేనికో తెలుసా?"

హాల్లో మామగారి దగ్గు ఆగింది.

"నువ్వూ అడగలేదు, మీ నాన్నా అడగలేదు. మీరంతా బయటికెళ్తే గాని నేను ఈ గడప తొక్కను, ఇప్పటికీ."

లోపల ఆమె అంతా విన్నది. ఒకే కప్పు కింద, ఒకే నొప్పితో, ఇద్దరాడవాళ్ళు ఇన్నాళ్ళూ ఒకరికొకరు తెలియకుండా బతికారు. అత్తగారిది పొద్దెక్కేదాకా తెమలని బద్ధకమనుకున్నది తాను. కాని ఆ ఇంట్లో తన కోసం ఒక మనిషి ఒకచోట కదలకుండా కూర్చోవడం అదే మొదటిసారి. ఆ కృతజ్ఞతకు ఆమె ఒళ్ళంతా వదులైంది.

నెల తిరిగేసరికి రక్తం ఆగింది. ఇప్పుడు ఆమె సూపర్‌వైజరు చూస్తుండగానే సీసా ఎత్తి నీళ్ళు తాగుతుంది.

ఒకరోజు అత్తగారిని డాక్టరమ్మ దగ్గరికి రమ్మంది.

"ఈ వయసులో నాకెందుకే అమ్మాయ్? అలవాటైపోయింది."

ఆమె వాదించలేదు. మర్నాడు అందరికన్నా ముందు తానే అత్తగారిని తట్టి లేపి, కుర్చీ తెచ్చి తలుపు ముందు వేసుకుని కూర్చుంది.

"మీరు వెళ్ళండత్తయ్యా. వాళ్ళొస్తే నేను మాట్లాడతాను."