హాస్కిన్స్ వంతెన పొడవు

దమయంతి రోజూ ఏడున్నరకి కారు తీసి, హాస్కిన్స్ వంతెన దాటి క్లినిక్‌కి వెళ్తుంది. ఇండియానాలో ఆ మొక్కజొన్న చేల మధ్య ఇరవై ఆరేళ్ళుగా ఆవిడే డాక్టరు. వంతెన ఇంకా పాతది, నూట ముప్ఫై ఏళ్ళ నాటి చెక్క వంతెన. దూలాలు వానకి నానకుండా రెండు పక్కలా పలకలు కొట్టి, పైన కప్పు వేశారు. లోపల పగలే చీకటి. ఒక్క కారే పడుతుంది గనక దూరేముందు హారన్ కొట్టాల్సిందే.

పొడవు నూట పది అడుగులని బోర్డు మీద ఉంటుంది. నోట్లో నువ్వుగింజ నాననివాళ్ళకే ఆ లెక్క. కడుపులో మాట దాచుకుని ఎక్కితే వంతెన సాగుతుంది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే, దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. ఉత్తరాలు పంచే అమ్మాయి ఎవరికీ చెప్పకుండా వేరే ఊళ్ళో ఉద్యోగానికి అప్లై చేసిన నెలంతా ఉత్తరాలు సాయంత్రానికి అందాయి. కౌంటీ ఆఫీసు వాళ్ళు ఏటా వచ్చి కొలిచి, ఏటా వేరే అంకె రాసుకుపోతారు.

దమయంతికి సోమవారం నాలుగు నిమిషాలు పట్టింది. మంగళవారం పదిహేను. బుధవారం ముప్పావుగంట. ఆ రోజు క్లినిక్‌లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

సంగతేమిటంటే, భర్త కృష్ణమూర్తి రిటైరైన ఇంజనీరు. ఈ కాగితాల గోల తనకెందుకని, రిపోర్టులన్నీ మా ఆవిడకే పంపమని ఆస్పత్రిలో సంతకం పెట్టాడు. అంతకుముందు శుక్రవారం రిపోర్టు వచ్చింది. పెద్దపేగులో క్యాన్సర్. వేలమంది పేషెంట్లకి ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి, తన ఇంటి దాకా వచ్చేసరికి గుంటూరు మేనత్తల్లో కలిసిపోయింది. రోగికి రోగం పేరు చెబితే ఆ బెంగతోనే సగం పోతాడని వాళ్ళు అనేవాళ్ళు. జనరల్ చెకప్ అని నమ్మించి, గురువారం పదింటికి ఇండియనాపొలిస్‌లో సర్జన్ అపాయింట్‌మెంట్ తీసుకుంది. చెప్పేదేదో ఆ సర్జనే చెబుతాడులే అనుకుంది. ఇది తప్పితే మళ్ళీ నెల దాకా దొరకదు, అన్నాళ్ళు ఆగే జబ్బు కాదు.

గురువారం ఏడింటికి ఇద్దరూ బయల్దేరారు. హారన్ కొట్టి వంతెనలోకి దూరారు. పలకల సందుల్లోంచి పడే ఎండ చారలు కారు మీదుగా పోతూనే ఉన్నాయి. ఎనిమిదైంది. జీపీఎస్ కాసేపు దారి వెతికి నోరు మూసుకుంది. వెనక్కి పోదామన్నా వచ్చినంత దూరమూ పోవాలి. కృష్ణమూర్తి కిటికీ అద్దం దించాడు, ఎత్తాడు, మళ్ళీ దించాడు. ఇంతసేపెందుకని మాత్రం అడగలేదు. ఆవిడ కంగారులో అది గమనించలేదు.

ఎనిమిదింపావుకి దమయంతి ఇక ఉండలేకపోయింది.

"ఏమండీ, ఇది చెకప్ కాదు. మీకు పేగులో క్యాన్సర్. సర్జన్ దగ్గరికి వెళ్తున్నాం. శుక్రవారం నుంచీ నాకు తెలుసు."

చెప్పేశాక గుండె తేలికపడింది. ఇక వెలుతురు వస్తుందని చూసింది. రాలేదు. పది నిమిషాలు నడిపినా అవే పలకలు, అవే చారలు. కారులో ఉన్నది తనొక్కతే కాదని అప్పుడు తట్టింది.

"మీరేం దాచారు?" అంది.

ఆవిడ బ్యాగులో రిపోర్టు శనివారమే చూశానన్నాడు కృష్ణమూర్తి. సర్జన్ ఎదురుగానే ఆపరేషన్ వద్దని చెప్పేసి వచ్చేద్దామని అప్పుడే నిశ్చయించుకున్నాడట. వాళ్ళన్నయ్య ఆపరేషన్ టేబుల్ మీదే పోయాడు. అంతా చెప్పాడు, అయినా వంతెన తరగలేదు. ఆయన మళ్ళీ అద్దం ఎత్తాడు.

"నాకు భయంగా ఉంది, దమయంతీ."

ముప్ఫై మూడేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. ఆవిడకి ఏడుపొచ్చింది, కారు మాత్రం ఆపలేదు.

"నాకూ భయంగానే ఉంది," అంది.

ముందు చక్రాలు తారు రోడ్డెక్కాయి. ఎదురుగా కోతకొచ్చిన చేలు, బోలెడంత ఎండ. అక్కణ్ణించి ఆవిడ స్పీడు లిమిట్ చూడలేదు.

పదింటికి రెండు నిమిషాలుండగా చేరారు. వచ్చే మంగళవారం చేద్దామా అని సర్జన్ అడిగితే, కృష్ణమూర్తి తల అడ్డంగా ఊపబోయి ఆగాడు. మత్తు ఎక్కేదాకా మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఉండొచ్చా అని అడిగాడు. ఉండొచ్చన్నారు.

"అయితే మంగళవారం," అన్నాడు.